పాత గైడు పుస్తకం నమ్ముకుని కంబోడియా, లావోస్ వెళ్ళవచ్చా?

పట్టువీధి (బరంపురం)

అందరికీ నమస్కారం. బరంపురంలో మాకు చిన్న పట్టుచీరల దుకాణం ఉంది. పుష్యమాసంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి బేరాలు తక్కువ. ఆ రోజుల్లో నేనూ మా చెల్లెలూ 24 రోజులపాటు కంబోడియా, లావోస్ చూసి రావాలని రెండేళ్ళుగా డబ్బు కూడబెడుతున్నాం. టూరు వాళ్ళను అడిగితే ఆరు రోజుల్లో మూడు దేశాలు చూపిస్తామన్నారు. ఆ పరుగు మాకు వద్దు. సొంతంగానే వెళ్ళాలని నిశ్చయించుకున్నాం.

ఈ కోరిక చిన్నప్పటిది. కార్తీక పున్నమి తెల్లవారుజామున ఇక్కడ చెరువుల్లో చిన్న చిన్న పడవలు వదులుతాం కదా. నా చేత పడవ వదిలిస్తూ నాన్నగారు, మన గంజాం తీరం నుంచే ఒకప్పుడు ఓడలు తూర్పు దేశాలకు వెళ్ళేవని చెప్పేవారు. చిలికా సరస్సుకు దక్షిణాన ఉన్న పాలూరు పాత రేవని, రెండో శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ రాసిన భూగోళంలో దాని ప్రస్తావన ఉందని పెద్దయ్యాక చదివాను. అప్పటి నుంచి ఆ ఓడలు చేరిన ఒడ్డు చూడాలని ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. స్టేషను దగ్గర పాత పుస్తకాలు అమ్మే ఆయన వద్ద ఆగ్నేయాసియా గైడు పుస్తకం 120 రూపాయలకు దొరికింది. 2014లో అచ్చయినది. కొత్త ప్రతి కొనాలంటే రెండు వేలకు పైనే చూపిస్తోంది. గుళ్ళు, నదులు ఎక్కడికీ పోవు కదా, పాతది సరిపోతుందేమో అని నా ఆశ. చేతిలో ఫోను ఉండగా ఏ పుస్తకమూ అక్కర్లేదని మా చెల్లెలి వాదన. నాకు మాత్రం ముక్కూ ముఖమూ తెలియని దేశంలో పుస్తకం లేకుండా దిగాలంటే ధైర్యం చాలడం లేదు. ఇద్దరం శాకాహారులం. చేప వాసన తగిలినా తినలేం.

ఇంకొక మాట. నాన్నగారికి 76 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పుల వల్ల మాతో రాలేరు. "రోజూ ఏ ఊళ్ళో ఉన్నారో ఫోను చేసి చెప్పండి, నేను పటంలో వెదుక్కుంటాను" అంటున్నారు. తెలుగు, ఒడియా చక్కగా చదువుతారు. ఇంగ్లిషు కూడబలుక్కుని చదువుతారు. ఆయన దగ్గర ఏది ఉంచి వెళ్ళాలో కూడా చెప్పగలరా?

వంశధార ఒడ్డు (గుణుపురం)

అక్కా, నేను పోయిన ఏడాది వియత్నాంలో 15 రోజులు ఒంటరిగా తిరిగాను. ఒక్క పుస్తకమూ తీసుకెళ్ళలేదు. బయలుదేరే ముందు పటాలన్నీ ఫోనులోకి దించుకున్నాను. సిగ్నల్ లేని కొండల్లో కూడా దారి చూపించాయి. హోటల్లో పదార్థాల పట్టిక ముందు కెమెరా పెడితే ఇంగ్లిషులోకి మారేది. నిన్న దిగినవాళ్ళు ఆ గది గురించి ఏమన్నారో ఇవాళ చదువుకుని వెళ్ళాను. వికీవోయేజ్ అనే వెబ్‌సైట్‌లో ఊరూరికీ ఉచితంగా సమాచారం ఉంది, కావాలంటే అచ్చు తీసుకోవచ్చు. అచ్చు పుస్తకంలో ధర చదివి వెళితే అక్కడ మనమే వాదనకు దిగాల్సి వస్తుంది. ఆ రెండు వేలతో మంచి పవర్ బ్యాంకు కొనుక్కోండి. మీ చెల్లెలు చెప్పినదే సరైనదని నా అభిప్రాయం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అమ్మా, నేను కళాశాల గ్రంథాలయంలో 31 ఏళ్ళు పనిచేసి విరమించాను. లావోస్ రెండుసార్లు వెళ్ళాను, 2006లో ఒకసారి, 2019లో ఒకసారి. మీ పాత పుస్తకాన్ని పారవేయవద్దు. కానీ దాన్ని నమ్మి బస్సు ఎక్కవద్దు.

మీ 2014 ప్రతిలో లావోస్ భాగం తీయండి. వియంటియాన్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు కొండదారిలో బస్సు, దాదాపు పది గంటలు అని ఉంటుంది. 2021 డిసెంబరులో చైనా సరిహద్దులోని బోటెన్ నుంచి వియంటియాన్ దాకా రైలు మొదలైంది. ఇప్పుడు ఆ ప్రయాణం రెండు గంటలే. మీ పుస్తకం అచ్చయిన నాటికి ఆ పట్టాలే లేవు. కంబోడియా భాగంలో అంగ్‌కోర్ గుళ్ళ టిక్కెట్టు ఒక రోజుకు 20 డాలర్లు అని ఉంటుంది. 2017 ఫిబ్రవరి నుంచి అది 37 డాలర్లు. మూడు రోజులది 62, దాన్ని పది రోజుల లోపు ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. ఆ గుళ్ళ పక్కనున్న ఊరు సియెం రీప్. దాని విమానాశ్రయం ఊరి అంచునే ఉందని రాసి ఉంటుంది. 2023 అక్టోబరులో కొత్తది తెరిచారు, ఊరికి దాదాపు 40 కిలోమీటర్లు. రాత్రిపూట దిగితే ఆటో దొరుకుతుందిలే అనుకుంటే కుదరదు, ముందే బండి మాట్లాడుకోండి. లావోస్‌లో 2014లో డాలరుకు దాదాపు 8,000 కిప్‌లు వచ్చేవి, ఇప్పుడు 20,000 దాటాయి. కాబట్టి కిప్‌లలో ఉన్న ధరలన్నీ కొట్టివేయండి.

ఇంకా పెద్ద సంగతి ఉంది. బ్యాంకాక్‌లో దిగి రోడ్డు మీదుగా సియెం రీప్ చేరడం పాత పుస్తకాలన్నిటికీ ఇష్టమైన దారి. 2025లో థాయిలాండ్, కంబోడియాల మధ్య గొడవ ముదిరి ఆ సరిహద్దు దారులు మూసేశారు, జూలైలో సైన్యాల మధ్య పోరు కూడా జరిగింది. పాతదే కాదు, ఆ ఏడాది అచ్చయిన పుస్తకం కూడా ఇది చెప్పలేదు. రచయిత ఊళ్ళు తిరిగి రావాలి, రాయాలి, పటాలు గీయాలి, అచ్చవ్వాలి, ఓడెక్కి మన దాకా రావాలి. మన చేతికి వచ్చేసరికి అందులోని సమాచారానికి ఏడాది వయసు ఉంటుంది. వీసా, సరిహద్దు, విమానాశ్రయం సంగతులు వెళ్ళే వారంలో ఆ దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే చూసుకోండి.

ఇక్కడిదాకా గుణుపురం బాబుతో నేను ఏకీభవిస్తాను. ఇక్కడి నుంచి కాదు.

2006లో నేనూ మా ఆవిడా లావోస్‌లోని ఫోన్సవాన్ వెళ్ళాం. అక్కడి మైదానంలో మనిషి ఎత్తు రాతి జాడీలు వందల సంఖ్యలో పడి ఉంటాయి. 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దారి పక్కన నేలలో పాతిన చిన్న గుర్తులు కనిపించాయి, ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. చూడకపోతే తొక్కుకుంటూ పోయేంత చిన్నవి. తెల్లవైపు నేల లోపలి దాకా బాంబులు వెదికి తీసేశారని, ఎర్రవైపు పైపైనే చూశారని నేను అప్పటికే చదివి ఉన్నాను. పర్లాకిమిడిలో మా వరండాలో కూర్చుని, ఆ ఊరి బస్సు వేళల కోసం పేజీలు తిప్పుతుంటే కంటబడిన పేరా అది. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. పేలనివి ఇంకా నేలలో ఉన్నాయి. మా ఆవిడ జాడీ ఫోటో కోసం గడ్డిలోకి నాలుగడుగులు వేయబోతే చెయ్యి పట్టి ఆపాను. అలాంటిది ఒకటి ఉంటుందని తెలియనప్పుడు ఫోనులో ఏమని వెదికేవాడిని? ఆ పేరా రాసిన మనిషి పేరు ఇవాళ్టికీ నాకు తెలియదు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

అందుకే గైడు పుస్తకాన్ని రెండు నెలల ముందే ఇంట్లో చదవాలి. హోటళ్ళ జాబితాలు వదిలేసి చరిత్ర, ఆచారాలు, ఆరోగ్యం, జాగ్రత్తలు ఉన్న వెనక పేజీలు ముందు చదవండి. లువాంగ్ ప్రబాంగ్‌లో తెల్లవారుజామున భిక్షువులు వరుసగా భిక్షకు వస్తారు. ఎంత దూరంలో నిలబడాలి, భుజాలు కప్పుకోవాలా, ఫ్లాష్ వేయవచ్చా, ఇవన్నీ ముందే తెలిసి ఉండాలి. అక్కడ నిలబడి ఫోను తీసేసరికి తప్పు జరిగిపోతుంది.

అదే ప్రయాణంలో ఒక దెబ్బ కూడా తిన్నాం. హువే సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు మెకాంగ్ నది మీద రెండు రోజుల పడవ ఉంది, మధ్యలో పాక్ బెంగ్‌లో రాత్రి మజిలీ. పడవ 11 గంటలకని నా పుస్తకంలో ఉంది. మేము పదింటికే రేవుకు చేరాం. అది తొమ్మిదింటికే వెళ్ళిపోయింది. ఆ రాత్రి అక్కడే ఒక చిన్న వసతి గృహంలో ఉండాల్సి వచ్చింది. అక్కడి అలమరలో యాత్రికులు వదిలివెళ్ళిన పాత పుస్తకాలు ఉన్నాయి. నా దగ్గరున్న ముద్రణే ఒకటి దొరికింది. అందులో ఎవరో ఫ్రెంచి మనిషి పెన్సిలుతో 11 కొట్టివేసి పక్కన 9 అని రాశారు. పేజీ పేజీకీ అలాంటి దిద్దుబాట్లు. బాణం గుర్తులు, ఒక బావి బొమ్మ, ఒక హోటల్ పేరు మీద అడ్డగీత. నాకు ఫ్రెంచి రాదు. అయినా ఆ రాత్రి కూర్చుని అంకెలన్నీ నా ప్రతిలోకి ఎక్కించుకున్నాను.

అప్పటి నుంచి నేనూ అంచుల్లో రాస్తున్నాను, తెలుగులో, తేదీతో సహా. 2019 ప్రతి తిరిగి తీసుకురాలేదు. హువే సాయ్‌లోనే అలాంటి అలమర ఒకటి చూసి అందులో పెట్టి వచ్చాను. తెలుగువారు ఎవరైనా ఆ దారిన వెళితే కనబడాలని నా ఆశ.

కొత్తది కొనేటట్లయితే అట్ట మీది బొమ్మ చూసి కొనకండి. ముద్రణ వివరాల పేజీలో ఎన్నో ముద్రణ, ఏ నెల, ఏ ఏడాది అన్నది చూడండి. దేశాలన్నీ కలిపిన పుస్తకంలో చిన్న ఊళ్ళు రాలిపోతాయి. 24 రోజులకు దేశానికొకటి మేలు. చరిత్ర ఎక్కువ కోరేవారికి రఫ్ గైడ్స్ నచ్చుతాయి. వాళ్ళు 1982లో గ్రీసుతో మొదలుపెట్టారు. తక్కువ డబ్బుతో తిరిగే పద్ధతి నేర్పినవారు లోన్లీ ప్లానెట్ స్థాపకులు వీలర్ దంపతులు. వాళ్ళ ఆగ్నేయాసియా పుస్తకం మొదటిసారి 1975లో వచ్చింది. ఏది కొన్నా పైన చెప్పిన పేజీ చూసే కొనండి.

ప్రాణహిత (సిరొంచ)

అక్కా, నేను నర్సును. 2023లో నా స్నేహితురాలితో కలిసి దక్షిణ లావోస్ తిరిగాను. మేమూ మాంసం, చేపలు తినము. కాబట్టి తిండి గురించి నేను చెబుతాను.

కూరగాయల కూరే కదా అని నమ్మకండి. లావోస్‌లో పాదేక్ అని పులియబెట్టిన చేపల రసం దాదాపు అన్నిటిలో పోస్తారు. కంబోడియాలో ప్రహోక్, అదీ చేపదే. మాంసం వద్దంటే సరేనని తలూపి అది పోస్తారు. వాళ్ళ దృష్టిలో అది ఉప్పు లాంటిది, మోసం కాదు. లావోస్‌లో "కిన్ జే" అనండి, బౌద్ధులు నియమంగా తినే శాకాహారం అని అర్థం. దానితోపాటు "బొ సై పాదేక్", అంటే పాదేక్ వేయవద్దు. మన నోట ఆ పలుకు సరిగ్గా రాదు. గైడు పుస్తకం చివర మాటల పట్టికలో లావో లిపిలో అచ్చయి ఉంటుంది. ఆ పేజీ తెరిచి వంటామె ముందు పెట్టేదాన్ని. ఆమె వేలు పెట్టి చదివి నవ్వి, నూనె వేసి ఆకుకూర వేరే మూకుడులో చేసిచ్చేది. ఫోను చూపిస్తే చాలామంది కళ్ళు చికిలించి చూసి తిరిగి ఇచ్చేశారు. కాగితం మీద లిపి అయితే చదివారు. వెదురు బుట్టలో బంక అన్నం ప్రతిచోటా దొరుకుతుంది. కందిపొడి పట్టుకెళ్ళండి, దానితో రెండు పూటలు గడిచిపోతాయి.

రాత్రి బస్సు సంగతి కూడా పుస్తకమే చెప్పింది. వియంటియాన్, దక్షిణాన ఉన్న పాక్సే మధ్య పడక బస్సుల్లో ఒక్కో పడక ఇద్దరికి. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళ పక్కన ఎవరు పడుకుంటారో తెలియదు. మీరు ఇద్దరు కాబట్టి ఒకే పడక అడగండి. ఆ వైపు కొత్త రైలు లేదు.

పాక్సే దాకా వెళితే వాట్ ఫూ తప్పక చూడండి. కొండ మీద శివాలయం, 2001 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. గుడి వెనక బండ కింద ఊట ఉంది. ఒకప్పుడు ఆ నీటిని రాతి కాలువలో మళ్ళించి లింగం మీద పడేటట్లు కట్టారు. మా ఊరికి గోదావరి అవతల కాళేశ్వరం, చిన్నప్పటి నుంచి అభిషేకాలు చూస్తూ పెరిగినదాన్ని. ఆ ఎండిన కాలువ దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. నేను చూసిన ఆగ్నేయాసియా పుస్తకంలో వాట్ ఫూకు ఒకే ఒక్క పేరా ఇచ్చారు. లావోస్ పుస్తకంలో మెట్టు మెట్టుకూ వివరం ఉంది. మీరు సియెం రీప్ నుంచి స్టుంగ్ ట్రెంగ్ మీదుగా సరిహద్దు దాటి పాక్సే, వియంటియాన్, లువాంగ్ ప్రబాంగ్ అని పైకి వెళితే వెనక్కి తిరిగి రానక్కర్లేదు.

జయపురం పాఠకుడు (జయపురం)

పర్లాకిమిడి పెద్దాయన అంచుల్లో రాసే అలవాటు గురించి చదివి ఒకటి చెప్పాలనిపించింది. ఇంగ్లండులో జాన్ ముర్రే యాత్రికుల కోసం ఐరోపా మార్గదర్శినిని 1836లో వేశాడు. అంతకు ముందే మన ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరింది 1830 మేలో, తిరిగి వచ్చింది 1831 సెప్టెంబరులో. రోజూ ఎన్ని ఆమడలు సాగారు, మజిలీలో నీళ్ళు ఉన్నాయా, సామాను దొరుకుతుందా, దారిలో వాగులు ఎలా దాటాలి అన్నీ రాశారు. తిరుగు ప్రయాణంలో జగన్నాథం మీదుగా మన తూర్పు తీరం వెంటే వచ్చారు. అది 1838లో పుస్తకంగా వచ్చింది. తన వెనక వచ్చేవాడికి పనికివచ్చేటట్లు మజిలీ మజిలీకీ కూర్చుని రాసిన మనిషి ఆయన. పట్టువీధి గారూ, మీరు కూడా అలాగే రాయండి. లావోస్‌లో శాకాహారి తెలుగు స్త్రీకి ఏ ఊళ్ళో ఏమి దొరుకుతుందో మీరు రాస్తే అది వేరే ఏ గైడులోనూ ఉండని సమాచారం.

వంశధార ఒడ్డు (గుణుపురం)

ఫోన్సవాన్ గుర్తుల సంగతి నాకు తెలియదు. వియత్నాంలోనూ యుద్ధం జరిగిన ప్రాంతాల్లో నేను దారి వదిలి నడిచాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. పెద్దాయన గారూ, ఒక సందేహం. అంత లావు పుస్తకం 24 రోజులు వీపున మోయడం కష్టం కాదా? పుస్తకం అంతా ఫోటోలు తీసి ఫోనులో పెట్టుకుంటే చాలదా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

బాబూ, గ్రంథాలయంలో పనిచేసినవాడిని, ఈ మాట అనడం నాకు సులభం కాదు. పుస్తకాన్ని కోయండి. సన్నని బ్లేడుతో వెన్ను దగ్గర కోసి, వెళ్ళే ఊళ్ళ పేజీలు, మాటల పట్టిక, ఆరోగ్యం పేజీలు వేరు చేసి దారంతో కుట్టుకోండి. అరవై, డెబ్భై పేజీలకు మించవు. చేతిసంచిలో పడతాయి. ఫోటోలూ తీసుకోండి, వర్షంలో కాగితం తడిస్తే అవి ఉంటాయి. కానీ పటాలున్న పేజీలు మాత్రం కాగితం మీదే ఉంచండి. ఫోను పటం మనం ఎక్కడున్నామో చూపిస్తుంది. కాగితం పటంలో నది ఏ వైపు, గుళ్ళు ఏ వైపు, బస్సు ఎక్కే చోటు ఏ వైపు అన్నీ ఒకేసారి కంటికి ఆనుతాయి. ఊళ్ళో దిగిన మొదటి సాయంత్రం దాన్ని మంచం మీద పరచుకుని చూసుకుంటే మర్నాడు తడబడరు.

అమ్మా, నాన్నగారి కోసం కొత్తగా ఏమీ కొనవద్దు. ఆ 2014 పుస్తకం ఆయన చేతిలో పెట్టండి. ధరలు, వేళలు ఆయనకు అక్కర్లేదు. ఆయనకు కావలసిన నదులు, ఊళ్ళు, గుళ్ళు అన్నీ అందులో ఉన్నాయి. మీరు ఫోనులో చెప్పిన మార్పులు ఆయన అందులో దిద్దుకుంటారు.

పట్టువీధి (బరంపురం)

అందరికీ చాలా కృతజ్ఞతలు. లావోస్ పుస్తకం కొత్తది తెప్పించాను, ముద్రణ వివరాల పేజీ చూసే. కంబోడియాకు ఈ-బుక్ కొన్నాం, అది మా చెల్లెలి ఫోనులో ఉంటుంది. ఇద్దరి మాటా నెగ్గింది. ప్రాణహిత గారు చెప్పిన దారే ఖాయం చేసుకున్నాం. పాక్సేలో మూడు రోజులు ఉంటాం, వాట్ ఫూ కోసం. మహేంద్రతనయ గారూ, పుస్తకం కోయడానికి నాకు ఇంకా చెయ్యి రావడం లేదు. బయలుదేరే ముందు రోజు కోస్తాను. అంచుల్లో రాయడం మాత్రం ఇప్పటికే మొదలుపెట్టాను.

పాత పుస్తకం నాన్నగారికి ఇచ్చాను. రైలు దారి అందులో లేదని మీరు రాసినది చదివి వినిపిస్తే, స్టేషన్ల పేర్లు చెప్పమన్నారు. నేను ఫోనులో చూసి చదువుతుంటే ఆయన స్కేలు పెట్టి ఎర్ర పెన్సిలుతో బోటెన్ నుంచి కిందికి గీసుకుంటూ వచ్చారు. లువాంగ్ ప్రబాంగ్ తరువాత వచ్చే స్టేషను పేరు కాసీ. ఆ మాట వినగానే పెన్సిలు ఆపి మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. పటంలో అక్కడ చుక్క పెట్టి, పక్కన తెలుగులో కాసీ అని రాసుకుని, మీరు ఆ స్టేషను దాటే వేళకు నాకు ఫోను చేయండి, రాత్రయినా సరే అన్నారు.